హోటల్ పేరు కాదు, పెనం చూడండి

కడప నుంచి ఒకమ్మ అడిగిన ప్రశ్న ఇది. నాలుగేళ్ల బాబుకు రెండు నెలల కిందట సీలియాక్ జబ్బు అని తేలింది. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి తగిలితే పేగు దెబ్బతినే జబ్బు అది. గోధుమ తగలకుండా ఇంట్లో ఎలాగో నెట్టుకొస్తున్నారు. వచ్చే నెల బెంగళూరులో ఆడపడుచు పెళ్లి, పోయే దారిలో తిరుపతి మొక్కు, చంకలో ఏడాది పాప. "ఎక్కడ తినిపించొచ్చో మంచి హోటళ్ల పేర్లు చెప్పండి, లేదంటే ప్రయాణమే మానుకోవాలా?" అన్నారు.

అమ్మా, ప్రయాణం మానుకోవద్దు. కానీ హోటళ్ల పేర్లు మాత్రం నేను చెప్పను. ఎందుకో చెప్తాను.

మాది అనంతపురం. మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్‌గా కర్నూలు, నంద్యాల, కడప, హిందూపురం తిరుగుతుంటాను. నెలలో సగం రోజులు హోటల్ తిండే. మా పాపకు మూడున్నరేళ్లప్పుడు ఈ జబ్బు బయటపడింది, ఇప్పుడు దానికి పదకొండు. తేలే ముందు ఏడాదిన్నర పాటు నులిపురుగులని, రక్తం తక్కువని మందులు మింగించాం. ఉత్తరాదిలో దాదాపు వందలో ఒకరికి ఉండే జబ్బు ఇది, మన దక్షిణాదిలో చాలా అరుదు. అందుకే ఇక్కడ తొందరగా ఎవరికీ తట్టదు. మందులమ్మే నాకే తట్టలేదు.

పేర్లు ఎందుకు చెప్పనంటే, మా ఊళ్లోనే ఒక హోటల్ ఉంది. ఆరు నెలల పాటు ప్రతి ఆదివారం పొద్దున పాపకు అక్కడ సాదా దోశ తినిపించాం. ఏ ఇబ్బందీ రాలేదు. ఒక రోజు చుట్టాలొచ్చారని రాత్రి ఎనిమిదింటికి అదే హోటల్‌కు పోయి అదే దోశ చెప్పాం. అర్ధరాత్రి నుంచి వాంతులు. రెండు రోజులు పిల్ల లేవలేదు. తర్వాత నేనొక్కడినే రాత్రిపూట పోయి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూశాను. పొద్దున దోశలు పోసే పెనం మీదే సాయంత్రం ఆరు నుంచి పరోటాలు కాలుస్తున్నారు. మధ్యలో ఎవరైనా దోశ అడిగితే మాస్టరు నీళ్లు చల్లి, చీపురుతో ఒక్క ఊపు ఊపి, పిండి పోస్తున్నాడు. ఆ చీపురు పుల్లల చివర మైదా పిండి తెల్లగా, తడిగా అంటుకుని ఉంది. హోటల్ అదే, మాస్టరూ అతనే. మారింది గడియారం ఒక్కటే.

ఇంత చిన్న విషయానికేనా అనుకోవద్దు. 2007లో ఇటలీలో ఒక పరిశీలన చేశారు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు వరుసగా అందితే పేగు లోపలి పొర దెబ్బతింటుందని అందులో తేలింది. మన ఇళ్లల్లో చేసే ఒక చపాతీలో రెండు, మూడు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే చపాతీని యాభై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క చాలు. చీపురు పుల్లలకు అంటుకునేది తక్కువేం కాదు. ఒక్కసారి తగిలితే పిల్లాడి పేగు పాడైపోతుందని కాదు, రోజూ కొంచెం కొంచెంగా తగులుతుంటే అది మానదు. మీ బాబుకు రెండు నెలలే అయింది కాబట్టి ఇప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

హోటల్లో ఎలా అడగాలో ముందు చెప్తాను, ఎనిమిదేళ్లలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. "గ్లూటెన్" అనే మాట వాడొద్దు, ఎవరికీ తెలియదు. "గోధుమ పడదు" అన్నా చాలదు. కర్నూల్లో ఒక సర్వరు నాతో నిజంగానే అన్నాడు, "గోధుమ లేదు సార్, ఇది మైదా" అని. తప్పు అతనిది కాదు, మైదా అంటే వేరే ఏదో గింజ అనుకునేవాళ్లు మన ఇళ్లల్లోనూ ఉన్నారు. అందుకని పేర్లు విడివిడిగా చెప్పాలి: గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా. రవ్వ అని ఊరికే అంటే ఇడ్లీ రవ్వ అనుకుని ఇడ్లీ కూడా వద్దంటారు. ఇడ్లీ రవ్వ బియ్యంది, దానితో మనకు పేచీ లేదు.

అడగాల్సింది సర్వర్నీ కాదు, కౌంటర్లో కూర్చున్న ఓనర్నీ కాదు, మాస్టర్ని. అదీ రద్దీ లేని వేళ. "దోశ పిండిలో మైదా వేస్తారా?" అని అడిగితే మన మొహం చూసి, మనకు ఏది నచ్చుతుందో అదే చెప్తారు. "మాస్టరూ, దోశ ఇంత కరకరలాడుతోంది, పిండిలో ఏమేం వేస్తారు?" అని అడగండి. చేతి పని గురించి అడిగితే ఎవరైనా సంతోషంగా చెప్తారు. ఒకాయన నాకు గొప్పగా చెప్పాడు, "కలర్ రావాలని ఒక పిడికెడు మైదా, ఒక పిడికెడు రవ్వ కలుపుతాం సార్" అని. దణ్ణం పెట్టి టీ తాగి వచ్చేశాను.

అలర్జీ అని కూడా నేను చెప్పను. గోధుమ అలర్జీ వేరే జబ్బు, ఇది వేరు. పైగా అలర్జీ అంటే దద్దుర్లు వస్తాయేమో అనుకుని, "కొంచెమైతే ఏం కాదులే సార్, ఆకలితో ఉంది బిడ్డ" అంటారు. మన సీమ వాళ్లకు పిల్లలంటే ప్రేమ, ఆ ప్రేమతోనే పూరీ ముక్క చేతిలో పెట్టేస్తారు. "డాక్టరు ఒక్క పలుకు కూడా వద్దన్నాడు, తింటే రాత్రికి ఆసుపత్రిలో సెలైన్ పెట్టించాలి" అంటాను నేను. ప్రతిసారీ సెలైన్ దాకా పోదు, కొంచెం ఎక్కువ చేసి చెప్తున్నట్టే. అయినా ఆ మాట అన్నాక గరిటె కడగని మాస్టర్ని నేను చూడలేదు.

ఇక తిండి సంగతి. మనం పుట్టింది మంచి చోట. మన తాతలు తిన్నది జొన్న రొట్టె, సద్ద రొట్టె, కొర్రన్నం, రాగి సంగటి. వరి అన్నమే పండగకు వండేవాళ్లు, గోధుమ మాటే లేదు. మా ఇంట్లోకి చపాతీ వచ్చింది మా నాయనకు షుగర్ వచ్చిన ఏడాది. రాత్రిపూట అన్నం మానేయమన్నారని ఆయనకొక్కడికి మొదలుపెట్టి, అందరం తినడం అలవాటైంది. కాబట్టి బయటికి పోయినప్పుడు కొత్త తిండి వెతుక్కోవాల్సిన పని లేదు, పాత తిండి దొరికే చోటికి పోతే చాలు.

పొద్దున పూట టిఫిన్ సెంటర్లు మనకు అనుకూలం. పరోటా పెనం అప్పటికి మొదలుకాదు. వగ్గాని మంచి టిఫిను. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తిరగవాతలో వేసి, పప్పుల పొడి చల్లుతారు, అంతే. పిల్లాడికి కారం తక్కువగా ఉన్న చోట చూసుకోండి. పక్కనే పెట్టే బజ్జీ మాత్రం వద్దు. శనగపిండే కదా అనిపిస్తుంది, కానీ అదే నూనెలో పూరీలు, మైసూరు బజ్జీలు వేగుతాయి. మైసూరు బజ్జీ అంటే మైదా ముద్దే. వడ కూడా ఆ నూనెలోదే కాబట్టి అదీ వద్దు. వగ్గాని వడ్డించే గరిటె పక్కనున్న ఉప్పిట్టు (రవ్వ ఉప్మా) బేసిన్లో మునుగుతోందేమో చూసుకోండి. నేనైతే మా గరిటె నేనే ఇచ్చి వడ్డించమంటాను. మొదట్లో సిగ్గుగా ఉండేది.

ఇడ్లీ ఆవిరి మీద ఉడికేది కాబట్టి భయం తక్కువ. సాంబారు పోయించుకోకండి, ఎందుకో కింద చెప్తాను. మీ కడప కారం దోశ కూడా పొద్దున పూట, పిండి సంగతి అడిగి తెలుసుకుని, పరోటా కాల్చని పెనం మీద అయితే తినిపించొచ్చు. నాలుగేళ్ల వాడికి ఎర్రకారం లేకుండా పప్పుల పొడి, నెయ్యి వేసి పోయమంటే పోస్తారు. రవ్వ దోశ వద్దు, సెట్ దోశ కూడా పిండి సంగతి అడగకుండా వద్దు.

మధ్యాహ్నం సంగటి దొరికే మెస్సులు మేలు. రాగిపిండి, బియ్యం తప్ప సంగటిలో వేరే ఏమీ వెయ్యరు. ఊరిబిండి, ఆకుకూర పప్పు, నాటుకోడి పులుసు దానికి తోడు. పులుసు చిక్కదనానికి కొబ్బరి, గసగసాలు, వేయించిన చెనిగ విత్తనాలు నూరి వేసే చోట మనకు భయం లేదు. కార్న్‌ఫ్లోర్, మైదా నీళ్లు కలిపి చిక్కగా చేసే చోట ఉంది. చికెన్ 65, కబాబు, గోబీ మంచూరియా, ఫ్రైడ్ రైస్ జోలికి పోవద్దు. పైపిండిలో మైదా ఉంటుంది, సోయా సాసులో గోధుమ ఉంటుంది. బిరియానీలో వేయించిన ఉల్లిపాయలకు మైదా పట్టించేవాళ్లూ ఉన్నారు, అడిగి తినండి. రంజాన్ నెలలో కర్నూల్లో, కడపలో వీధివీధినా హలీం వాసన లాగేస్తుంది. అందులో గోధుమ ఉంటుంది. పిల్లాడికి పెట్టకండి, మీరు తింటే చేతులు కడుక్కుని వాణ్ని ఎత్తుకోండి.

ఇప్పుడు సాంబారు సంగతి. అసలు దొంగ ఇంగువ. అంగట్లో దొరికే ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదవండి. చాలావాటిలో జిగురు, గోధుమపిండి లేదా మైదా, వాటితో పాటు కొంచెం అసలు ఇంగువ ఉంటాయి. ముద్ద ఇంగువ అయినంత మాత్రాన స్వచ్ఛమైనదని కాదు, అందులోనూ కలుపుతారు. బియ్యప్పిండితో చేసినవి దొరుకుతాయి, ఇంటికి అవే తెచ్చుకోండి. గంగాళం సాంబారులో చిటికెడు ఇంగువ ఎంతలే అని నేనూ మా డాక్టరుతో వాదించాను. పేగు పూర్తిగా మానేదాకా ఆ లెక్కలు పెట్టుకోవద్దు అన్నారాయన. రెండేళ్లు మానేశాం.

ఇంగువ ఎక్కడ ఉంటుందో కనిపెట్టడానికి నాదొక గుర్తు ఉంది. మన ఊరి మెస్సుల్లో పప్పుకైనా, చారుకైనా వెల్లుల్లి తిరగవాత పెడతారు, ఇంగువ తక్కువ. వెల్లుల్లి వాడని చోట, అంటే బ్రాహ్మణ భోజన హోటళ్లు, మఠాలు, గుళ్ల అన్నదానాల్లో, ఆ లోటు ఇంగువతో తీరుస్తారు. పులిహోర, సాంబారు, చారు, ఆవకాయ అన్నిట్లో ఉంటుంది. అందుకే మంత్రాలయమైనా, శ్రీశైలమైనా, అహోబిలమైనా గుడి ఊళ్లకు పోయినప్పుడు పాపకు తెల్లన్నం, నెయ్యి, మజ్జిగ మాత్రమే తీసుకుని, ఇంటి నుంచి తెచ్చిన పొడి కలిపేస్తాం. నిష్ఠగా వండే చోట మనకు తిప్పలు, మసాలా మెస్సులో సుఖం. మా అమ్మకు ఈ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

జొన్న రొట్టెల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను మోసపోయింది ఇక్కడే. సాయంత్రమైతే కర్నూల్లో, అనంతపురంలో రోడ్డు పక్కన ఆడవాళ్లు పెనాలు పెట్టుకుని రొట్టెలు కాలుస్తుంటారు. జొన్నపిండికి సాగే గుణం ఉండదు. ఉడుకునీళ్లు పోసి బాగా మర్దించి, చేత్తో తట్టాల్సిందే. తట్టేటప్పుడు అంచులు పగులుతుంటాయి, బొటనవేలితో సర్దుకుంటూ తిప్పుతుంటారు. పెనం మీద వేశాక పైన నీళ్ల గుడ్డ రాస్తారు. అలా చేసే రొట్టె చల్లారితే బిరుసెక్కుతుంది, మడిస్తే విరుగుతుంది. అదే, కర్రతో చపాతీలా పల్చగా గుండ్రంగా రుద్దేసి, గంట తర్వాత కూడా రుమాలులా మడత పడుతుంటే మీరు అనుమానించాలి. పని తొందరగా తెమలడానికి గోధుమపిండి కలుపుతారు. కలపకపోయినా, అద్దే పొడి పిండి ఏ పిండో చూడండి. మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంది. రొట్టె తట్టేటప్పుడు చేతి గాజుల శబ్దం ఒకే లెక్కలో వస్తుంది. ఆమె దగ్గర చపాతీ అనే మాటే లేదు. ఆమె దగ్గరే కొంటాం. పాపను చూసి ఆమె, "నీకేం రోగం తల్లీ, మా కాలంలో అందరం నీ తిండే తిన్నాం" అంటుంది.

ఆ పిండి పట్టించే మరలోనూ తిప్పలుంది. మనకంటే ముందు ఎవరో గోధుమలు పోసి ఉంటారు. మొదటి రెండు, మూడు కిలోల్లో ఆ పిండి కలిసే వస్తుంది. మేం మూడేళ్లు అవస్థ పడి చివరికి ఇంట్లో పెట్టుకునే చిన్న పిండి మిషన్ కొన్నాం. అది కుదరకపోతే బియ్యం ఒక్కటే పట్టే మర దగ్గర అడగండి, లేదా కొంచెం కొంచెంగా మిక్సీలో వేసి జల్లించుకోండి.

మిల్లెట్ అనే బోర్డును నమ్మొద్దు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి ఊరికో మిల్లెట్ హోటల్ వచ్చింది. మంచిదే. కానీ రాగి బిస్కెట్ ప్యాకెట్ వెనక చూస్తే మొదట మైదా, ఎక్కడో చివర రాగి ఉంటుంది. మిల్లెట్ నూడుల్స్, మల్టీగ్రెయిన్ పిండి కూడా అంతే. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. ఆ మాట ఉంటేనే కొనండి, మిల్లెట్ బొమ్మ ఉందని కాదు. మాల్ట్ అని కనిపిస్తే అది చాలాసార్లు బార్లీది, బార్లీలోనూ గ్లూటెన్ ఉంటుంది. పాలల్లో కలిపే పొడుల్లో చాలావరకు ఆ కోవలోవే. జ్వరమొచ్చిందనో, ఎండ దెబ్బ తగిలిందనో పెద్దవాళ్లు బార్లీ నీళ్లు తాగిస్తారు. పెళ్లిలో మీ బాబు కాస్త వాడిపోయినట్టు కనిపిస్తే మొదట వచ్చేది ఆ గ్లాసే, కనిపెట్టుకుని ఉండండి.

ఇక మీ ప్రయాణం. కడప నుంచి తిరుపతి దాదాపు 140 కిలోమీటర్లు. పొద్దున్నే ఇంట్లో తినిపించి బయల్దేరితే మధ్యలో టిఫిను అవసరమే రాదు. ఒంటిమిట్టలో ఆగితే కొబ్బరి, అరటిపండు. రైల్వే కోడూరు దాటేటప్పుడు రోడ్డు మీదే అరటిగెలలు, సీజనైతే మామిడి దొరుకుతాయి, ఒక అత్తం కొని కారులో పడేయండి. తిరుమల లడ్డు శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, యాలకులు, కిస్‌మిస్, కలకండతో చేసేది, గోధుమ పదార్థం అందులో లేదు. మా పాపకు పెడతాం. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో అన్నం, మజ్జిగ తినిపించండి, సాంబారు, చారు మీరు తినండి. ఎవరింట్లోనైనా సత్యనారాయణ వ్రత ప్రసాదం ఇస్తే మాత్రం అది రవ్వ. ప్రసాదం వద్దంటే పాపమేమోనని మా అత్తగారు ఒకసారి చాటుగా పాప నోట్లో ఇంత పెట్టారు. ఆ రాత్రి పిల్ల పడిన అవస్థ ఆమే చూశారు. అప్పటి నుంచి చుట్టాలింట్లో నాకంటే ముందు ఆమే అడ్డం పడతారు. మీ అత్తగారికీ దూరంగా ఉండమని చెప్పడం కన్నా, ఆమెనే కాపలా పెట్టండి. పళ్లెం బాధ్యత ఆమె చేతికిస్తే ఇంకెవరూ దగ్గరికి రారు.

తిరుపతి నుంచి చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు మరో 250 కిలోమీటర్లు. ముళబాగిలు దాటేటప్పుడు దోశ కోసం అందరూ ఆగుతారు. మీరూ ఆగండి, కానీ పిండిలో రవ్వ ఉందో లేదో అడిగాకే పిల్లాడికి. కర్ణాటకలో చౌచౌ బాత్ అంటే ఉప్పిట్టు, కేసరి, రెండూ గోధుమ రవ్వే. చిరోటి రవ్వ కూడా గోధుమే. అక్కి రొట్టెలో మైదా కలిపే చోట్లు ఉన్నాయి. నీర్ దోశ బియ్యం ఒక్కటే కాబట్టి మేలు, రాగి ముద్ద ఎలాగూ మనదే.

పెళ్లి రోజుకు వారం ముందే వంట మాస్టరుకు ఫోన్ చేయండి, ఆడపడుచుకు కాదు. పెళ్లి పనుల్లో ఆమెకు గుర్తుండదు, గుర్తుంచుకోమనడం న్యాయమూ కాదు. వడ్డన మొదలయ్యేలోపు ఒక స్టీలు డబ్బాలో తెల్లన్నం, తిరగవాత పెట్టని పప్పు, గిన్నెడు పెరుగు తీసి పక్కన పెట్టమని అడగండి. ఏ మాస్టరూ కాదనడు, అతనికి అది రెండు నిమిషాల పని. పంక్తిలో కూర్చోబెడితే పూరీ, ఓళిగ (బొబ్బట్టు) వడ్డించిన చెయ్యే అన్నానికీ వస్తుంది. ఓళిగ పైపొర మైదాయే. పక్క ఆకులోంచి ముక్క ఎగిరి వీడి ఆకులో పడుతుంది. కాబట్టి వరస చివర, మీకు, గోడకు మధ్య కూర్చోబెట్టండి, మీ డబ్బాలోంచి మీరే పెట్టండి. ఆకు ముందు వేయించుకుని, అప్పడం, పాయసం వద్దని ముందే చెప్పండి. పాయసం సేమియాది కావచ్చు, అప్పడం వేయించిన నూనె ఏదో మనకు తెలియదు. వీడికి కూడా తీపి కావాలి కదా. మేం చెనిక్కాయ ఉండలు, కొబ్బరి లౌజు ఇంటి నుంచే తీసుకుపోతాం. అందరి ఆకుల్లో ఓళిగ పడేటప్పుడే పాప ఆకులో అది పెడతాం, ముందూ వెనకా కాకుండా. పిల్లలకు రుచి కన్నా ఆ సమయం ముఖ్యం.

సంచిలో ఏం పెట్టుకోవాలంటే, మొదట అటుకులు. మజ్జిగలో నానబెట్టి ఉప్పు, పొడి కలిపితే పొయ్యి లేకుండా ఐదు నిమిషాల్లో అన్నం అయినట్టే. బొరుగులు, పప్పుల పొడి, ఇంటి రాగిపిండి, చిన్న సీసాలో నెయ్యి. పెనం మీదే బాగా ఎండేదాకా కాల్చి గాలికి ఆరబెట్టిన జొన్న రొట్టె వారం పది రోజులు చెడదు, మజ్జిగలో ముంచితే మెత్తబడుతుంది. పిల్లాడికి సొంత పళ్లెం, గ్లాసు, చెంచా. రైల్లో అయితే వాళ్లిచ్చే భోజనం తీసుకోకండి, అన్నం పక్కనే చపాతీలు చుట్టి పెడతారు. కాచిగూడ నుంచి బెంగళూరు దాకా మేం ఎన్నోసార్లు పెరుగన్నం, అరటిపండ్లతోనే వచ్చాం. విమానంలో పోయే రోజు వస్తే, కొన్ని సంస్థల్లో గ్లూటెన్ లేని భోజనం ముందే చెప్పి బుక్ చేసుకోవచ్చు, ఒకటి, రెండు రోజుల ముందు చెప్పాలి. అయినా సంచిలో అటుకులు ఉండనీయండి.

ఏడాది పాప సంగతి మీరు ప్రశ్నలో పెద్దగా రాయలేదు, కానీ కారులో అసలు ప్రమాదం ఆమే. బిస్కెట్ నమిలి ఆ చేత్తో అన్న మొహం తడుముతుంది. సీటు సందుల్లో పొడి రాలుతుంది. వీడు బొటనవేలు చప్పరించే వయసు ఇంకా దాటి ఉండడు. ఈ ప్రయాణం నాలుగైదు రోజులు ఆమెకూ ఇవే తిండ్లు పెట్టండి. కానీ ఇంటికొచ్చాక ఆమెకు గోధుమ పూర్తిగా మాన్పించొద్దు. తోబుట్టువుల్లో పదిమందిలో దాదాపు ఒకరికి ఈ జబ్బు ఉండే అవకాశం ఉంది. ఎప్పుడు రక్తపరీక్ష చేయాలో మీ డాక్టరు చెప్తారు. గోధుమ తింటున్నప్పుడే ఆ పరీక్షలో సరిగ్గా తెలుస్తుంది, ముందే మానేస్తే జబ్బున్నా దొరకదు.

ఎంత చూసుకున్నా ఏదో ఒక రోజు తగులుతుంది. దానికి విరుగుడు మందంటూ లేదు. వాంతులు, విరేచనాలైతే ఓఆర్ఎస్ నీళ్లు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టించండి, రెండు రోజులు గంజి, మజ్జిగన్నం. పిల్లాడు మగతగా పడిపోయినా, ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా, నీళ్లు కూడా నిలవకపోయినా ఆసుపత్రికి పోవాలి. మొదట్లో కొందరు పిల్లలకు పాలు కూడా సరిపడవు, పేగు మానాక సర్దుకుంటుంది. మజ్జిగ అని నేను ఇన్నిసార్లు రాశాను కాబట్టి మీ డాక్టరు పాల గురించి ఏమన్నారో చూసుకోండి. ఎవరైనా కొత్త డాక్టరు మందు రాస్తే జబ్బు పేరు చెప్పండి. మాత్రల్లో వాడే స్టార్చ్ ఎక్కువగా మొక్కజొన్నదే అయినా, చెప్పడం మన పని.

ఇంట్లో ఎవరైనా ఇదంతా ఈ మధ్య డాక్టర్లు కనిపెట్టిన గోల అంటే, వాళ్లకు కరువు భాషలోనే చెప్పండి, మనవాళ్లకు అర్థమవుతుంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో యుద్ధం వల్ల కరువొచ్చి జనానికి రొట్టె దొరకలేదు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. మళ్లీ రొట్టె రాగానే మళ్లీ పడ్డారు. విల్లెం డికే అనే పిల్లల డాక్టరుకు గోధుమ మీద అంతకుముందు నుంచే ఉన్న అనుమానం దాంతో గట్టిపడింది. మా నాయన ఈ కథ విన్నాకే రాత్రి చపాతీ మానేసి కొర్రన్నానికి వచ్చాడు. మనవరాలి కోసమని చెప్పడు, షుగర్‌కు మంచిదంటాడు.

బాబుకు నాలుగేళ్లు కాబట్టి వాడికీ రెండు మాటలు నేర్పండి. "అమ్మను అడిగి తింటా" అనేది ఒకటి చాలు ఇప్పటికి. మా పాప ఐదేళ్లప్పుడు ఒక హోటల్లో మాస్టర్నే పిలిచి, "అంకుల్, ఈ పెనం మీద పరోటా కాల్చినారా?" అని అడిగింది. ఆయన నవ్వి, లోపలి నుంచి వేరే చిన్న పెనం తెచ్చి దోశ పోశాడు. నేను అడిగితే ఎప్పుడూ తేలేదు ఆ పెనం.

చివరగా ఒక చిన్న పని. 300, 400 వాట్ల బుల్లి రైస్ కుక్కర్ ఒకటి కొనుక్కోండి. అన్నం, పప్పు, జావ అన్నీ అందులోనే అయిపోతాయి. పెద్ద కుక్కర్లకు లావు పిన్నులుంటాయి, లాడ్జి గదుల్లో ఆ ప్లగ్గు దొరకదు, దొరికినా ఫ్యూజు పోతే గొడవ. రూమ్ తీసుకునేటప్పుడే కౌంటర్లో అడిగి వాడండి. పెళ్లి మాస్టరుతో మాట్లాడాక ఆయన ఏ ఇంగువ వాడతారో ఇక్కడ రాయండి, అందులో ఏముందో చూసి చెప్తాను.